పరిణామం మొదటి పాఠాలు: "అవసరం కొద్దీ మారాయి" అనే జవాబును ఎలా పోగొట్టాలి?

కొత్తపాఠం అడిగిన ప్రశ్న (ఈ చర్చలో ప్రతి భాగం పైన ఉన్నది రాసినవారి పేరు)

జీవశాస్త్రంలో ఇప్పుడే అడుగుపెట్టిన విద్యార్థులకు జీవపరిణామం పరిచయం చేయాలి. ఉన్నవి ఆరు పీరియడ్లు, ఒక్కోటి 45 నిమిషాలు. కణం, డీఎన్‌ఏ, మెండెల్ బఠానీలు ముందే అయిపోయాయి.

ప్రకృతి వరణం (పరిసరాలకు తగిన రకాలు ఎక్కువగా బతికి, ఎక్కువ పిల్లల్ని మిగల్చడం) కోసం అందరికీ తెలిసిన రంగు కాగితపు చుక్కల ఆట పెట్టుకున్నాను. పువ్వుల బట్ట మీద చుక్కలు చల్లి, విద్యార్థులు పక్షుల్లా ఏరుకోవడం. ఆట సరదాగానే సాగుతుంది, లెక్కలూ వస్తాయి. కానీ "ఆకుపచ్చ చుక్కలు ఎందుకు పెరిగాయి?" అని అడిగితే "బట్టలో కలిసిపోవడానికి ఆకుపచ్చగా మారాయి" అనే వస్తోంది. చుక్క రంగు మారలేదని కళ్లారా చూశాక కూడా ఇదే జవాబు. లోపం ఆటలో ఉందా, నేను చెప్పే క్రమంలో ఉందా? వరణంతో మొదలుపెట్టాలా, శిలాజాలతోనా? "కోతి నుంచి మనిషి వస్తే ఇంకా కోతులెందుకున్నాయి?" అన్న ప్రశ్నను ఎక్కడ ఎత్తుకోవాలి?

వరణం_వివరం

లోపం ఆటలో కొంత ఉంది, అది వేరేవాళ్లు చెబుతారు. ఎక్కువ లోపం మనం వాడే క్రియాపదాల్లో ఉంది.

"బాక్టీరియా మందుకు అలవాటు పడింది" అంటాం. "చిమ్మటలు నల్లగా మారాయి" అంటాం. "జిరాఫీ మెడ సాగింది" అంటాం. మూడు వాక్యాల్లోనూ కర్త ఒక జీవి, అది తన బతుకులోనే ఏదో చేసేసింది. విద్యార్థి మన నోటి నుంచి విన్నదే మనకు తిరిగి చెబుతున్నాడు. "వరణం" అన్న మాటలో కూడా ఎవరో కూర్చుని ఎంచుతున్నట్టు ఉంటుంది, స్వయంవరంలో లాగా. ఇక "పరిణామం" అంటే రోజువారీ మాటల్లో ఫలితం, పర్యవసానం. ఈ మూడు చిక్కులనూ మొదటి పీరియడ్లో ఐదు నిమిషాలు బాహాటంగా మాట్లాడేయండి. దాచిపెడితే అవి పాఠం పొడుగునా అడ్డం పడతాయి.

తర్వాత ఒక నియమం పెట్టండి. పరిణామం గురించి రాసే ప్రతి వాక్యంలో కర్త "సమూహం" గానీ "సమూహంలో ఫలానా రకం వాటా" గానీ అయి ఉండాలి. "చిమ్మటలు నల్లబడ్డాయి" కొట్టేసి, "సమూహంలో నల్ల చిమ్మటల వాటా పెరిగింది" అని తిరగరాయించాలి. ఇంగ్లాండులో మాంచెస్టర్ దగ్గర నల్ల రకం మిరియాల చిమ్మట 1848లో మొదట నమోదైంది. 1895 నాటికి అక్కడి చిమ్మటల్లో దాదాపు 98 శాతం నల్లవే. ఈ రెండు అంకెలు బోర్డు మీద రాసి, రెక్కలొచ్చిన చిమ్మట ఏదీ తన రంగు మార్చుకోలేదన్నది గుర్తుచేసి, "మరి 98 శాతం ఎలా అయింది?" అని అడగండి. పుట్టుకలు, చావుల లెక్క తప్ప వేరే దారి ఉండదు.

"ముందు అవసరం, తర్వాత మార్పు" అన్న ఊహను నేరుగా పరీక్షించినది లెడర్‌బర్గ్ అనే జన్యుశాస్త్రవేత్త దంపతుల 1952 నాటి ప్రయోగం. దాన్ని కాగితం మీద చేయించవచ్చు. మందు లేని పళ్లెంలో బాక్టీరియా గుంపులు పెరుగుతాయి. దాని మీద మఖమలు గుడ్డ అద్ది, అదే గుడ్డను మందు కలిపిన పళ్లేల మీద అద్దుతారు. అంటే ప్రతి గుంపూ ఏ పళ్లెంలోనైనా అదే చోటికి చేరుతుంది. ఒక వలయంలో 60 చుక్కలు గీసిన కాగితం ఇచ్చి, ఫలితం చెప్పేముందు ఊహించమనండి. మందు తగిలాక బాక్టీరియా "నేర్చుకునేదైతే" రెండు మందు పళ్లేల్లో బతికిన గుంపులు ఎక్కడెక్కడ ఉండాలి? ముందే ఉన్న తేడా అయితే ఎక్కడ ఉండాలి? మొదటి ఊహ నిజమైతే ఒక పళ్లేనికీ ఇంకోదానికీ చోట్లు కలవవు. రెండోది నిజమైతే కలుస్తాయి. ఆ తర్వాత పారదర్శక షీట్ల మీద గీసిన రెండు "మందు పళ్లేలు" ఒకదాని మీద ఒకటి పెట్టి చూపించండి. మూడు చుక్కలు సరిగ్గా ఒకే చోట పడతాయి. పైగా మందు ఎన్నడూ తగలని మొదటి పళ్లెంలో అదే చోటున ఉన్న గుంపును తీసి పరీక్షిస్తే దానికీ నిరోధకత ఉంటుంది. 20 నిమిషాల పని.

నిజం బాక్టీరియాను మందులతో తరగతిలో పెంచే ఆలోచన మాత్రం వద్దు. నిరోధక రకాలను మనమే ఏరి పెంచినట్టవుతుంది. వాటిని పారేయడానికి 121 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఆటోక్లేవ్ (ఒత్తిడితో కూడిన ఆవిరితో క్రిములను చంపే పాత్ర) కావాలి.

పూసలసంచి

చుక్కల ఆట మామూలుగా ఆడించే పద్ధతిలో మూడు లోపాలున్నాయి. పోల్చడానికి ఇంకో బట్ట ఉండదు. కళ్లు మూసుకుని ఏరే జట్టు ఉండదు. కొత్త రంగు ఎక్కడి నుంచి వస్తుందో చూపించే మెట్టు అసలే ఉండదు.

కొలతలు ఇవి. ఒక్కో జట్టుకు సుమారు ఒక మీటరు చదరపు బట్ట, చిన్న చిన్న రంగుల అచ్చు ఉన్నది. చుక్కలు పంచింగ్ మిషన్‌తో తీసినవి, ఐదు రంగులు, ఒక్కో రంగు 20, మొత్తం 100. నలుగురు "పక్షులు". చుక్కలు చల్లేటప్పుడు వాళ్లు అటు తిరిగి ఉండాలి, లేకపోతే పడ్డ చోటు గుర్తుపెట్టుకుంటారు. ఇటు తిరగడం, కంటికి ముందు కనబడ్డ ఒక్క చుక్క తీయడం, మళ్లీ అటు తిరగడం. అరచేత్తో ఊడ్చుకుంటే కంటికి పనే ఉండదు, వరణమూ ఉండదు. 75 తీసేవరకు ఆడాలి. మిగిలిన 25లో ఒక్కోదానికి అదే రంగువి మూడు "పిల్లలు" చేరిస్తే మళ్లీ 100. మూడు తరాలు చాలు, అనుభవం లేని జట్టుకు 30 నిమిషాలు పడుతుంది.

ఇప్పుడు పోలిక. ఒక జట్టుకు ఆకుపచ్చ అచ్చు బట్ట, ఇంకో జట్టుకు ఎరుపూ గోధుమ రంగూ కలిసిన బట్ట, చుక్కల మిశ్రమం మాత్రం ఇద్దరికీ ఒకటే. మూడో జట్టు కళ్లు మూసుకుని ఏరుతుంది. ఒకే మిశ్రమం రెండు బట్టల మీద రెండు దారుల్లో పోవడం చూశాక "ఆకుపచ్చే మంచి రంగు" అన్న మాట నిలవదు. కళ్లు మూసుకున్న జట్టు ఫలితమే అసలు పాఠం. సగటున ఒక్కో రంగు 5 మిగలాలి గానీ నిజంగా 3 నుంచి 7 దాకా ఊగుతుంది. నాలుగు రెట్లయ్యాక అది 12 నుంచి 28. ఏ వరణమూ లేకుండా ఒక్క తరంలో ఇంత తేడా రాగలదంటే, మొదటి జట్టులో ఆకుపచ్చ 20 నుంచి 26 అయినంత మాత్రాన సంబరపడకూడదని అర్థం. జెనెటిక్ డ్రిఫ్ట్ (వరణం లేకుండా, యాదృచ్ఛికంగానే వాటాలు మారడం) అన్న మాట ఇక్కడ పుట్టించండి, దానికోసం ఇంకో పీరియడ్ అక్కర్లేదు.

ఇక ఉత్పరివర్తన (జన్యువులో అనుకోకుండా వచ్చే మార్పు) మెట్టు. 75 పిల్లలను చేర్చేటప్పుడు అందులో రెండింటిని తీసేసి, వేరే సంచిలోంచి చూడకుండా రెండు చుక్కలు తీసి కలపాలి. ఆ సంచిలో మొదటి ఐదు రంగులతోపాటు బట్టలో ఎక్కడా లేని తెలుపు, నలుపు కూడా ఉండాలి. ఎక్కువసార్లు పనికిరాని రంగే వస్తుంది, వెంటనే తినేస్తారు. అప్పుడప్పుడు పనికొచ్చేది వస్తుంది. సంచికి బట్ట సంగతి తెలియదు. "మారాలని మారింది" అనే విద్యార్థిని "సంచికి బట్ట కనబడిందా?" అని అడిగితే చాలు.

లెక్క తప్పేది ఎక్కువగా ఇక్కడ: బట్ట మడతల్లో ఇరుక్కున్న చుక్కలు తర్వాతి తరంలోకి దూరిపోతాయి. ప్రతి తరం తర్వాత తిన్నవి, మిగిలినవి రెండూ లెక్కపెట్టించండి. మొత్తం 100 రాకపోతే బట్ట దులపండి. అలాగే మెరిసే రంగులు వద్దు. మొదటి తరంలోనే తుడిచిపెట్టుకుపోతాయి, తర్వాత చూడ్డానికి ఏమీ మిగలదు.

కొత్తపాఠం

కళ్లు మూసుకున్న జట్టు, చూడకుండా తీసే సంచి, రెండూ నా ఆటలో లేవు. ధన్యవాదాలు. ఒక సందేహం. చుక్కకు పుట్టేది అచ్చు అదే రంగు చుక్క. మెండెల్ చదివినవాళ్లు "బహిర్గత, అంతర్గత లక్షణాలు ఇందులో ఎక్కడున్నాయి?" అని అడుగుతారు. హార్డీ-వైన్‌బర్గ్ సమీకరణం (సమూహంలో జన్యు రూపాల వాటాలు లెక్కకట్టే సూత్రం) లేకుండా దీన్ని కలపగలమా?

పూసలసంచి

కలపవచ్చు. సమీకరణం పేరు ఎత్తకుండా, కూడికలు తీసివేతలతోనే.

లోపల కనబడని సంచి, 50 ఎర్ర పూసలు, 50 తెల్ల పూసలు. పరిమాణం, నునుపు ఒకటే ఉండాలి, లేకపోతే వేళ్లే రంగును పసిగడతాయి. ఒక్కో పూస జన్యువు ఒక రూపం, ఒక్కో జత ఒక జంతువు. చూడకుండా రెండేసి తీసి జతలు పేర్చాలి. ఎరుపు-ఎరుపు, ఎరుపు-తెలుపు జతలకు బొచ్చు ఉంటుంది, తెలుపు-తెలుపు జతకు ఉండదు. చలికి అది పిల్లలు పెట్టేలోపే చచ్చిపోతుంది అనుకుందాం. మొదటిసారి 50 జతల్లో 12 లేదా 13 తెలుపు-తెలుపు వస్తాయి. వాటిని తీసేసి మిగిలిన పూసలు లెక్కపెడితే మూడింట ఒక వంతు తెలుపు. సంచిని మళ్లీ 100కి నింపాలి: 67 ఎరుపు, 33 తెలుపు. రెండో తరంలో తెలుపు-తెలుపు జతలు 5 లేదా 6 మాత్రమే.

మొదలుపెట్టే ముందు అందరి చేతా ఊహ రాయించండి: "ప్రతి తరంలో బొచ్చు లేనివన్నీ చచ్చిపోతే ఎన్ని తరాల్లో తెల్ల పూస పూర్తిగా పోతుంది?" చాలామంది మూడో నాలుగో అంటారు. నిజానికి తెల్ల పూసల వాటా వరసగా సగం, మూడో వంతు, నాలుగో వంతు, ఐదో వంతు, ఆరో వంతు, ఇలా దిగుతుంది. మొదట గబగబా, తర్వాత నత్తనడకన. పది తరాల తర్వాత కూడా పన్నెండో వంతు ఉంటుంది. అప్పటికి బొచ్చు లేని పిల్ల 144 మందిలో ఒకటే పుడుతుంది. మిగిలిన తెల్ల పూసల్లో దాదాపు 92 శాతం ఎర్ర పూస చాటున దాగి ఉంటాయి. బయటికి కనబడనిదాన్ని వరణం తాకలేదు. అంతర్గత లక్షణపు జన్యుపరమైన జబ్బులు ఎందుకు పూర్తిగా పోవో ఇక్కడే తేలిపోతుంది.

చేతి లెక్కలో ఇంత నున్నగా రాదు, 50 జతలు చిన్న సంఖ్య. అన్ని జట్ల అంకెలూ కలిపి సగటు తీస్తే దగ్గరగా వస్తుంది. సమీకరణం తర్వాతి ఏడు చెప్పినా నష్టం లేదు.

కొమ్మరెమ్మ

పై ఇద్దరితో ఒక విషయంలో విభేదిస్తాను. వరణంతోనే ఆరు పీరియడ్లూ నిండిపోతే విద్యార్థికి పరిణామం అంటే చుక్కల సంఖ్య మారడమే అనిపిస్తుంది. డార్విన్ ముందుపెట్టిన భావాలు రెండు: జీవులన్నిటికీ ఉమ్మడి పూర్వీకులు ఉన్నారన్నది ఒకటి, మార్పుకు ముఖ్యకారణం ప్రకృతి వరణం అన్నది రెండోది. మొదటిదాన్ని రెండోది లేకుండానే రుజువులతో చూపించవచ్చు. నాకైతే కనీసం రెండు పీరియడ్లు వంశవృక్షానికి ఇవ్వాలనిపిస్తుంది.

మెండెల్ అయిపోయారు కాబట్టి నేరుగా ప్రోటీన్‌తో మొదలుపెట్టండి. హీమోగ్లోబిన్ బీటా గొలుసులో 146 అమైనో ఆమ్లాలు. మనిషి గొలుసుతో పోలిస్తే తేడాలు రీసస్ కోతిలో 8, ఎలుకలో 27, కోడిలో 45, కప్పలో 67, లాంప్రేలో (పాములాంటి ఒక చేప) 125. పేర్లు చెరిపేసి అంకెలు మాత్రం ఇచ్చి, ఏ అంకె ఏ జంతువుదో ఊహించమనండి. తర్వాత శరీర లక్షణాల పట్టిక నింపించండి: దవడలు, నాలుగు కాళ్లు, ఉల్బం (పిండం చుట్టూ ఉండే పొర), రోమాలు. లాంప్రేకు నాలుగూ లేవు. కప్పకు మొదటి రెండు, కోడికి మొదటి మూడు (రెక్కలు కూడా మారిన ముందుకాళ్లే), ఎలుకకు, కోతికి నాలుగూ. రెండు పట్టికలూ ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా తయారైనవి, అయినా ఒకే వరసను చూపుతున్నాయి. అలా కలవడమే రుజువు. అంకె ఒక్కటీ విడిగా ఏదీ రుజువు చేయదని కూడా చెప్పాలి.

వృక్షం చదవడంలో తప్పులు ఎప్పుడూ ఒకే చోట పడతాయి. కొసల వరసను ఎడమ నుంచి కుడికి నిచ్చెనలా చదువుతారు. దీనికి మందు దారాలూ గట్టి స్ట్రాలతో వేలాడే బొమ్మ. ప్రతి స్ట్రా ఒక చీలిక, దాని రెండు కొసల నుంచి దారాలు. బొమ్మ గాలికి తిరిగినప్పుడు మనిషి ఒకసారి చివరికి, ఒకసారి మధ్యకు వస్తాడు, చుట్టరికాలు మాత్రం ఇసుమంత మారవు. రెండో తప్పు, పైకి కనబడే పోలికను బట్టి చుట్టరికం కట్టడం. మొసలికి బల్లి దగ్గరా, పక్షి దగ్గరా? పక్షే. ఊపిరితిత్తుల చేపకు సాల్మన్ దగ్గరా, కప్ప దగ్గరా? కప్పే. ఇద్దరి ఉమ్మడి పూర్వీకుడు ఏ చీలిక దగ్గర ఉన్నాడో వేలు పెట్టి చూపించమనండి. ఎవరి చీలిక కొసలకు దగ్గరగా ఉంటే వాళ్లే దగ్గరి చుట్టాలు.

కోతుల ప్రశ్నకు జవాబు ఈ బొమ్మ దగ్గరే ఇవ్వాలి, వేరే పాఠంగా కాదు. మన భాషలో దానికి మంచి మాట ఉంది: చింపాంజీ మనకు తాత కాదు, దాయాది. దాయాదులిద్దరూ ఒకే మూలపురుషుడి నుంచి వచ్చారు, ఇద్దరూ ఇప్పుడూ ఉన్నారు. ఒకరుంటే ఇంకొకరు ఎందుకున్నారని ఎవరూ అడగరు. ఆ చీలిక సుమారు 60 నుంచి 70 లక్షల ఏళ్ల నాటిది. అప్పటి పూర్వీకుడు చింపాంజీ కాదు, మనిషీ కాదు. అటువైపు కొమ్మ కూడా అన్నేళ్లూ మారుతూనే వచ్చింది.

శిలాజాలను కాలంతో కలిపి చెప్పండి. 46 మీటర్ల తాడు భూమి వయసు 460 కోట్ల ఏళ్లకు సరిపోతుంది: ఒక మీటరు 10 కోట్లు, ఒక సెంటీమీటరు 10 లక్షలు, ఒక మిల్లీమీటరు లక్ష. ఈ రోజు ఉన్న కొస నుంచి వెనక్కి కొలిస్తే, రాక్షసబల్లులు అంతరించింది 66 సెంటీమీటర్ల దగ్గర. టిక్టాలిక్, అంటే మణికట్టు ఎముకల్లాంటివి ఉన్న చేప, 3.75 మీటర్ల దగ్గర. కేంబ్రియన్ యుగం మొదలైంది 5.4 మీటర్ల దగ్గర. గాలిలో ఆక్సిజన్ పెరగడం మొదలైంది 24 మీటర్ల దగ్గర. సూక్ష్మజీవుల ఆనవాళ్లు 35 మీటర్ల దగ్గర. మన జాతి మొత్తం చివరి 3 మిల్లీమీటర్లే. గుర్తులు పెట్టేముందు "రాక్షసబల్లులు ఎక్కడ?" అని అడిగి నిలబడమనండి. చాలామంది తాడు మధ్యలో నిలబడతారు. అందరినీ 66 సెంటీమీటర్లలోకి నడిపించాల్సి వస్తుంది.

టిక్టాలిక్ దగ్గర ఒక్క జాగ్రత్త. అది కప్పకు నేరుగా తాత అని చెప్పకండి. చేపలకూ నాలుగు కాళ్ల జంతువులకూ మధ్య ఉండాల్సిన లక్షణాల కలయిక ఎలా ఉంటుందో చూపే శిలాజం అది. సుమారు 37.5 కోట్ల ఏళ్ల నాటి, లోతు లేని నీటిలో ఏర్పడిన రాళ్లలో అలాంటిది దొరకాలని ముందే అంచనా వేసి, కెనడా ఎల్స్‌మియర్ దీవిలో వెతికారు. 2004లో దొరికింది. అంచనా ముందు, దొరకడం తర్వాత. విద్యార్థులకు బాగా నాటుకునేది ఆ క్రమమే.

కొత్తపాఠం

తాడుకు అంత పొడవు స్థలం లేదు, పదో వంతు చేసుకుంటాను. చివరి ప్రశ్న: పాఠం అయ్యాక నిజంగా అర్థమైందో లేదో పట్టుకునే ప్రశ్న ఏది? నిర్వచనాలు అడిగితే అందరూ సరిగ్గానే రాస్తారు.

వరణం_వివరం

పదో వంతు చేస్తే మన జాతి 0.3 మిల్లీమీటర్లు అవుతుంది, గీత మందంలో కలిసిపోతుంది. చివరి 10 సెంటీమీటర్లను విడిగా ఒక కాగితం మీద పదింతలు పెద్దది చేసి చూపించండి.

నిర్వచనం అడగకండి, తరగతిలో ఎత్తని జీవిని ఇచ్చి వివరించమనండి. పనికొచ్చే ప్రశ్న: "చీకటి గుహల్లో బతికే ఒక చేప సమూహానికి కళ్లు లేవు. గుహ బయట నదిలో ఉన్న దాని చుట్టాలకు కళ్లున్నాయి. ఈ తేడా ఎలా వచ్చి ఉంటుందో వరుసక్రమంలో రాయండి." మెక్సికో గుహ చేపలు నిజంగానే ఇలా ఉంటాయి. "వాడకపోవడం వల్ల కళ్లు పోయాయి" అని రాస్తే అవసరం అనే ఊహ ఇంకా అలాగే ఉందన్నమాట. దిద్దేటప్పుడు మూడు వెతకండి: సమూహంలో ముందే తేడాలు ఉన్నాయన్న మాట, ఆ తేడా పిల్లలకు వస్తుందన్న మాట, కొన్ని రకాలు ఎక్కువ పిల్లల్ని మిగిల్చాయన్న మాట. మూడోదాని బదులు "చీకటిలో కళ్లు చెడగొట్టే ఉత్పరివర్తనాలను ఏరిపారేసేది ఏదీ లేదు" అని రాసినా పూర్తి మార్కులు ఇవ్వండి. అది తప్పు కాదు, ఇంకో దారి. ఎక్కువగా జారిపోయేది రెండోది. వంశపారంపర్యం లేకపోతే ఎంత వరణం జరిగినా తర్వాతి తరానికి ఏమీ చేరదని వాళ్లకు తట్టదు.

దానికి జంటగా గాలపాగోస్ పిచ్చుకల లెక్క ఇవ్వండి. డాఫ్నీ మేజర్ దీవిలో పీటర్, రోజ్‌మేరీ గ్రాంట్ అనే జీవశాస్త్రవేత్త దంపతులు 1973 నుంచి పక్షుల్ని కొలుస్తూ వచ్చారు. 1977 కరువులో మధ్యరకం నేల పిచ్చుకలు సుమారు 1,200 నుంచి 180కి పడిపోయాయి. చిన్న గింజలు అయిపోయాయి, మన పల్లేరు ప్రజాతికే చెందిన మొక్కల గట్టి కాయలు మిగిలాయి, మందమైన ముక్కు ఉన్నవి ఎక్కువగా బతికాయి. మరుసటి ఏడు పుట్టిన పిల్లల ముక్కు సగటు మందం కూడా పెరిగింది. ఇక్కడ ఆపి రెండు ప్రశ్నలు అడగండి. ఒక్కో పక్షి ముక్కూ కరువులో మందం అయిందా? ముక్కు మందం పిల్లలకు రాకపోయి ఉంటే 1978లో కొలత ఎంత ఉండేది? రెండో దానికి "కరువు ముందు ఎంత ఉందో దాదాపు అంతే" అని చెప్పగలిగిన విద్యార్థికి పాఠం అందినట్టే. తర్వాత 1982-83 ఎల్ నీన్యో భారీ వానల సంగతి ఇవ్వండి: చిన్న గింజలు విరివిగా పండాయి, ఈసారి వరణం చిన్న ముక్కుల వైపు మొగ్గింది. ముక్కు మందం పెరగడం "అభివృద్ధి" అని అంతకుముందు రాసినవాళ్లు తమ జవాబును తామే కొట్టేసి తిరగరాయాలి, అందుకని ఈ రెండో భాగాన్ని వేరే కాగితం మీద, మొదటి జవాబులు రాశాకే పంచండి.